చేతికొచ్చిన విద్య చేజారినప్పుడు

జమ్మలమడుగులో వైద్యం చేస్తున్న రోజుల్లో నా వద్దకు ఒక దస్తావేజు లేఖరి వచ్చారు. ముప్పై ఏళ్ళుగా కలమే ఆయన జీవనాధారం. కలాన్ని కాగితంమీద ఆనించగానే బొటనవేలు, చూపుడువేలు బిగుసుకుపోయి, మణికట్టు లోపలికి వంగిపోయేది. అదే చేత్తో ఆయన సంగటి ముద్ద తినగలరు, చొక్కా గుండీలు పెట్టుకోగలరు, బావిలోంచి నీళ్ళు తోడగలరు. "అన్నీ చేస్తాది సార్ ఈ చెయ్యి, రాసేదానికి మాత్రం రాదు. ఇంట్లోవాళ్ళు సోమరితనం అంటాండారు" అన్నారు. నేనూ తొలుత అది మనోవ్యాకులత అనుకుని, బలానికి మాత్రలు రాసి పంపించాను. అది నా పొరపాటు. ఆ పొరపాటుకు మూడు శతాబ్దాల చరిత్ర ఉన్నదని తరువాతగానీ తెలుసుకోలేదు.

ఇటీవల బేస్‌బాల్ క్రీడ చరిత్ర చదువుతుండగా ఆయన మళ్ళీ గుర్తుకు వచ్చారు. ఆ ఆట మనకు కొత్త కనుక ఒక మాట చెప్పాలి. క్రికెట్‌లో బౌలర్ బంతి వదలకముందే అవతలి ఎండ్‌లోని బ్యాటర్ క్రీజు దాటి ముందుకు జరిగితే అతనికి ఎంత లాభమో ప్రొద్దుటూరు మైదానాల్లో ఆడే పిల్లలకు కూడా తెలుసు. బేస్‌బాల్‌లోనూ అంతే. బంతి విసిరేవాణ్ణి పిచర్ అంటారు. బేస్‌మీద నిలిచిన రన్నర్ నాలుగడుగులు ముందుకు జరిగి, అదను చూసి తరువాతి బేస్‌కు పరుగెత్తుతాడు. దానికి ఆ ఆటలో 'దొంగతనం' అనే పేరు. అతణ్ణి కట్టడి చేయడానికి పిచర్ అప్పుడప్పుడు బ్యాటర్ వైపు కాక, ఆ బేస్ వైపు బంతి విసరాలి. పిచర్ నిలిచే చోటునుంచి బ్యాటర్ వద్దకు సుమారు 18.4 మీటర్లు. మొదటి బేస్‌కు దూరం దానికంటే ఒక మీటరు మాత్రమే ఎక్కువ.

ఆ ఒక్క విసురు జాన్ లెస్టర్‌కు కొరుకుడు పడలేదు. అతడు సామాన్యుడు కాడు. 2006లో ఇరవై రెండేళ్ళ వయసులో అతనికి లింఫోమా అనే క్యాన్సర్ బయటపడింది. చికిత్స పొంది, 2007లో తిరిగివచ్చి, ఆ ఏడాది వరల్డ్ సిరీస్ చివరి పోటీలో బోస్టన్ జట్టును గెలిపించాడు. 2008 మే 19న కాన్సాస్ సిటీ జట్టుకు ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా ఆట ముగించాడు. అంతటి గురి గల ఎడమచేతి వాటం ఆటగాడు 2014 సీజన్ మొత్తంలో ఒక్కసారి కూడా మొదటి బేస్ వైపు బంతి విసరలేదు. ప్రత్యర్థులు గమనించారు. ఆ ఏడాది సెప్టెంబరు 30న ఓక్లాండ్ తరఫున అతడు ఆడిన నిర్ణాయక పోటీలో కాన్సాస్ సిటీ జట్టు మొత్తం ఏడు బేసులు దొంగిలించి, 9-8 తేడాతో గెలిచింది. 2015లో చికాగో కబ్స్‌కు మారిన తరువాత అతడు మళ్ళీ ప్రయత్నించినా, ఆ సీజన్‌లో అతని బౌలింగ్‌మీద నలభైకి పైగా బేసులు దొంగిలింపునకు గురయ్యాయి.

క్యాన్సర్‌కు వెరవనివాడు ఒక చిన్న విసురుకు భయపడ్డాడా? దూరంనుంచి రోగనిర్ధారణ చేయడం వైద్యునికి తగదు. అయితే ఇటువంటి స్థితికి క్రీడాలోకంలో 'యిప్స్' అనే పేరు ఉంది. గోల్ఫ్ ఆటగాడు టామీ ఆర్మర్ దానిని వ్యాప్తిలోకి తెచ్చాడు. బేస్‌బాల్‌లోనే పిట్స్‌బర్గ్ పిచర్ స్టీవ్ బ్లాస్ 1972లో 19 విజయాలు సాధించి, మరుసటి ఏడాది బంతిని గురిగా విసరలేక, కొద్దికాలానికే ఆటకు దూరమయ్యాడు. ఇంగ్లండ్ జట్టుతో 1990లో వెస్టిండీస్ పర్యటనకు వెళ్ళిన ఎడమచేతి స్పిన్నర్ కీత్ మెడ్లికాట్‌కు ఆ మరుసటి ఏడాదికే బంతిని చేతినుంచి వదలడం కష్టమైపోయింది. అతని ఆట ఇరవై ఆరేళ్ళకే ముగిసింది.

ఈ బాధ ఆటగాళ్ళకంటే ముందే పనివాళ్ళకు తెలుసు. వృత్తి వ్యాధుల శాస్త్రానికి ఆద్యుడనదగిన ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జీని 1713లో వెలువరించిన గ్రంథభాగంలో లేఖకుల అవస్థను వర్ణించాడు. ఒక లేఖకునికి కుడిచేయి పనిచేయక, ఎడమచేత్తో రాయడం నేర్చుకుంటే, కొన్నాళ్ళకు ఆ చేతికీ అదే గతి పట్టిందని రాశాడు. ఎడతెగకుండా ఒకే కదలికను చేయడం, మనసుమీది ఒత్తిడి ఇందుకు కారణాలని అప్పుడే గుర్తించాడు.

తరువాతివారు అంత ఉదారంగా చూడలేదు. బ్రిటన్‌లో తంతి గుమాస్తాల చేతులు బిగుసుకుపోవడాన్ని 1908లో నష్టపరిహారానికి అర్హమైన వ్యాధిగా గుర్తించారు. కానీ 1911లో విచారణ సంఘం దానికి పని అలసటతోపాటు ఆ గుమాస్తాల నరాల అస్థిరతను కూడా కారణంగా చూపింది. అంటే నేరంలో సగం రోగిమీదనే మోపింది. ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం దీన్ని మనోవ్యాధిగానే చూశారు. 1982లో షీహీ, మార్స్‌డెన్ అనే వైద్యులు తమ రోగులను పరిశీలించి, రాతలో వచ్చే ఈ బిగువు 'ఫోకల్ డిస్టోనియా' అనే నాడీవ్యాధి అని వాదించిన తరువాత దృష్టి మారింది.

ఇందులో జరిగేది సూక్ష్మంగా ఇది. ఒక కదలికను వేలసార్లు చేసి చేసి నేర్చుకున్నప్పుడు మెదడు దాన్ని మన ప్రమేయం లేకుండానే నడుపుతుంది. కొందరిలో ఆ నడక గాడి తప్పుతుంది. ముడిచే కండరాలు, చాచే కండరాలు ఒకేసారి బిగుసుకుంటాయి. మిగిలిన పనులకు అదే చేయి చక్కగా కదులుతుంది. క్రీడాకారుల్లో ఈ నాడీలోపం ఒక చివర, కేవలం ఆందోళన మరొక చివర ఉంటాయని, అనేకులు ఆ రెంటికీ నడుమ ఉంటారని గోల్ఫ్ ఆటగాళ్ళమీది పరిశోధనలు సూచించాయి. ఆందోళన ఈ బాధను పెంచవచ్చు. అంతమాత్రాన అది పిరికితనం కాదు, బద్ధకం అంతకన్నా కాదు.

మన ప్రాంతానికి ఈ సంగతి ముఖ్యం. ప్రొద్దుటూరులో బంగారు పని చేసే స్వర్ణకారులు, మగ్గంమీద బతికే నేతకారులు, పులివెందులలో కుట్టుమిషన్‌మీద సంసారం నడిపే దర్జీలు, అందరూ ఒకే సున్నితమైన కదలికను జీవితమంతా చేసేవారే. చేయి మొరాయిస్తే వారు ఎవరికీ చెప్పుకోరు. పని పోతుందని దాచుకుంటారు. పట్టుదలతో ఇంకా ఎక్కువ గంటలు పనిచేసి బాధను ముదరబెట్టుకుంటారు. ఇంట్లోవారు దిష్టి తీస్తారు, లేదా తిడతారు.

ఒక్క పనిలోనే చేయి బిగుసుకుపోతున్నట్లయితే నరాల వైద్య నిపుణుణ్ణి కలవండి. మణికట్టు వద్ద నరం నొక్కుకుపోవడం, మెడ ఎముకల అరుగుదల, పార్కిన్సన్స్ వంటివి కావని ముందుగా తేల్చుకోవాలి. తిమ్మిరి, నొప్పి, అన్ని పనుల్లోనూ బలహీనత ఉంటే కారణం వేరు కావచ్చు. హఠాత్తుగా చేయి పడిపోయి, మూతి వంకర పోయినా, మాట తడబడినా అది పక్షవాతం కావచ్చు. ఒక్క నిమిషం ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్ళండి. డిస్టోనియా అని తేలితే పనిముట్టును, పట్టును మార్చడం, కదలికను నెమ్మదిగా తిరిగి నేర్పే వ్యాయామాలు, కొందరికి బొటులినం సూదిమందు ఉపకరిస్తాయి. అందరికీ పూర్తిగా నయమవుతుందని చెప్పలేను.

లెస్టర్ కూడా పూర్తిగా నయమయ్యేదాకా ఆగలేదు. బ్యాటర్‌కు బంతిని త్వరగా వదలడం నేర్చుకున్నాడు. రన్నర్లను అదుపుచేసే భారాన్ని క్యాచర్ డేవిడ్ రాస్ పంచుకున్నాడు. తరువాత తరువాత బంతి నేలకు ఒకసారి తగిలి బేస్‌కు చేరేలా విసిరాడు. చూడడానికి అందంగా లేకపోయినా పని జరిగింది. 2016లో 19 విజయాలు సాధించాడు. 108 ఏళ్ళ తరువాత కబ్స్ జట్టు వరల్డ్ సిరీస్ గెలిచినప్పుడు అతడు అందులో ఉన్నాడు.

మా లేఖరి కూడా ఆ దారినే పోయారు. కలానికి గుడ్డ చుట్టి లావు చేసుకుని, చూపుడువేలికీ మధ్యవేలికీ నడుమ ఇరికించి పట్టుకోవడం అలవాటు చేసుకున్నారు. పొడుగు దస్తావేజులను ఆయన చెబుతుంటే కొడుకు రాసేవాడు. చివరలో సంతకం మాత్రం ఆయనే పెట్టేవారు, వంకరగానైనా. మీ ఇంట్లో ఎవరి చేయి అయినా ఇలా మొరాయిస్తే, తిట్టడానికి ముందు ఒక్కసారి ఆయనను తలచుకోండి.