హాఖా సంతకం

1939 మార్చి 14 రాత్రి పదిన్నర దాటాక బెర్లిన్ స్టేషన్‌లో రైలు దిగిన ఆ పెద్దాయనకు అరవై ఆరేళ్లు. గుండె బలహీనం. వెంట కూతురు మిలాడా, విదేశాంగ మంత్రి ఖ్వల్కోవ్‌స్కీ ఉన్నారు. ఎమిల్ హాఖా చెకోస్లొవేకియా అధ్యక్షుడై అప్పటికి నాలుగు నెలలైనా కాలేదు. బతుకంతా చట్టం పుస్తకాల మధ్య గడిపి, పరిపాలనా వ్యవహారాల అత్యున్నత న్యాయస్థానానికి అధిపతి అయిన మనిషి. 'త్రీ మెన్ ఇన్ ఎ బోట్' అనే ఇంగ్లిషు హాస్య నవలను చెక్ భాషలోకి తెచ్చిన సాహిత్యాభిమాని. స్టేషన్‌లో సైనిక వందనం, హోటల్లో కూతురికి పూలగుత్తి, చాక్లెట్లు. ఒక దేశాధ్యక్షుడికి దక్కాల్సిన మర్యాదలకు ఏ లోటూ రానివ్వలేదు. ఆ మర్యాదలయ్యాక ఆయన్ను అర్ధరాత్రి దాటేదాకా కూర్చోబెట్టారు.

పిలుపు వచ్చేసరికి ఒంటిగంట దాటింది. హిట్లర్ విషయం నేరుగా చెప్పేశాడు: పొద్దున ఆరింటికి జర్మన్ సైన్యం మీ దేశంలోకి అడుగుపెడుతుంది. ఎదిరిస్తే నలిపేస్తాం, ఊరుకుంటే కాస్తో కూస్తో స్వయంపాలన మిగులుతుంది. నిజానికి అప్పటికే ఒస్ట్రావా వైపు సైన్యం సరిహద్దు దాటింది. ఆ తర్వాత వైమానిక దళాధిపతి గోరింగ్ అందుకుని, ప్రాగ్ మీద బాంబులు కురిపిస్తానన్నాడు. హాఖా కుప్పకూలిపోయాడు. హిట్లర్ వైద్యుడు మోరెల్ పరుగున వచ్చి సూదిమందు ఇచ్చాడు. ఈయనకేమైనా అయితే ఇక్కడే చంపేశారని లోకం అంటుందేమోనని ఆ క్షణంలో భయపడ్డట్టు దుబాసీ పాల్ ష్మిట్ తర్వాత రాసుకున్నాడు. తేరుకున్న ముసలాయన చేతికి టెలిఫోన్ అందించారు. ఎదిరించవద్దని ఆయన ప్రాగ్‌కు చెప్పాడు. 3 గంటల 55 నిమిషాలకు సంతకం పెట్టాడు. చెక్ ప్రజల భవితవ్యాన్ని పూర్తి నమ్మకంతో హిట్లర్ చేతుల్లో పెడుతున్నట్టు ఆ కాగితంలో ఉంది.

ఆ రోజు ప్రాగ్‌లో మంచు కురుస్తోంది. హాఖా రైలు ఇల్లు చేరకముందే హిట్లర్ వెళ్లి ప్రాగ్ కోటలో దిగాడు.

ఈ కథ విన్నవాళ్లు హాఖాను పిరికివాడు అనేస్తారు. నాకు ఆ మాట నోట రాదు. దేశం మెడకు ఉచ్చు పడింది అంతకు ఆరు నెలల ముందు, మ్యూనిక్‌లో. అప్పటికి చెక్‌లకు పర్వత సరిహద్దు ఉంది, దాని వెంట కాంక్రీటు కోటల వరస ఉంది, ష్కోడా ఆయుధ కర్మాగారాలున్నాయి, ఫ్రాన్స్‌తో ఒప్పందం ఉంది. 1938 సెప్టెంబరులో సైనిక సమీకరణ ఉత్తర్వు రాగానే పది లక్షలకు పైగా మగవాళ్లు తుపాకులు అందుకున్నారు. నెలాఖరున హిట్లర్, ఇటలీ నేత ముస్సోలినీ, బ్రిటన్ ప్రధాని ఛాంబర్లేన్, ఫ్రాన్స్ ప్రధాని దలాదియే ఒక బల్ల చుట్టూ కూర్చుని ఆ పర్వత సరిహద్దు ప్రాంతమైన సుడేటన్‌లాండ్‌ను జర్మనీకి రాసిచ్చేశారు. చెక్ ప్రతినిధులిద్దరికీ ఆ గదిలో చోటు లేదు. హోటల్లో కూర్చుని కబురు కోసం ఎదురుచూశారు. కోటల్లో చాలా వరకు ఆ కొండలతో పాటే పోయాయి. అధ్యక్షుడు బెనెష్ అక్టోబరు 5న రాజీనామా చేశాడు. మార్చి 14న స్లొవేకియా కూడా విడిపోయింది. బెర్లిన్ రైలెక్కేనాటికి హాఖా వెనక నిలబడేవాడు ఒక్కడూ లేడు. బెదిరింపు అంత సులువుగా ఫలించింది అందుకే.

అయితే ఆ గెలుపులోనే హిట్లర్ తన చేతిలోని ఒక ఆయుధాన్ని పోగొట్టుకున్నాడు. బెదిరించేవాడి మాటకు రెండు ముఖాలుండాలి: వినకపోతే దెబ్బ తప్పదన్న భయం, వింటే దెబ్బ పడదన్న నమ్మకం. రాయబారానికి వెళ్లిన కృష్ణుడు యుద్ధం ఎంత ఘోరంగా ఉంటుందో చెప్పాడు, అయిదూళ్లిస్తే చాలనీ అన్నాడు. ఆ అయిదుతో పాండవులు ఆగుతారన్న పూచీ ఉంది గనకే అది రాయబారమైంది. 1962లో క్యూబా క్షిపణుల గొడవలో అమెరికా అధ్యక్షుడు కెనెడీ నౌకలతో దిగ్బంధం చేస్తూనే, ఆ దీవిపై దాడి చేయబోమని మాటిచ్చాడు. టర్కీలోని తమ క్షిపణులను తీసేస్తామని రహస్యంగా చెప్పించాడు. సోవియట్ నేత క్రుశ్చేవ్ వెనక్కి తగ్గాడు. హిట్లర్ కూడా 1938 సెప్టెంబరు 26న బెర్లిన్ సభలో సుడేటన్‌లాండే ఐరోపాలో తన చివరి కోరిక అని చాటాడు. ఆరు నెలలు తిరక్కుండానే ప్రాగ్ మింగాడు. ఇక ఆ నోటి మాటను నమ్మేదెవరు?

దాని ఫలితం పోలండ్ దగ్గర తేలింది. 1939 మార్చి 31న ఛాంబర్లేన్ పోలండ్‌కు అండగా ఉంటామని ప్రకటించాడు. ఆగస్టు 29న హిట్లర్, పూర్తి అధికారాలున్న పోలిష్ దూత మర్నాటికల్లా బెర్లిన్‌లో ఉండాలని గడువు పెట్టాడు. అలాంటి అవమానానికి తలవంచడం కన్నా పోరాడి చావడానికే పోలిష్‌లు సిద్ధపడతారని వార్సాలోని బ్రిటిష్ రాయబారి లండన్‌కు రాశాడు. చెకోస్లొవేకియాకు ఏం జరిగిందో వాళ్లు కళ్లారా చూశారు. పోలండ్ విదేశాంగ మంత్రి బెక్ ఆ రైలెక్కలేదు. సెప్టెంబరు 1న యుద్ధం మొదలైంది.

లొంగనందుకు పోలండ్ చెల్లించిన మూల్యం చెప్పడానికి గొంతు పెగలదు. యుద్ధం ముగిసేసరికి 60 లక్షల దాకా పౌరులు పోయారు, అందులో సగం మంది యూదులు. వార్సా మట్టిదిబ్బ అయింది. ప్రాగ్ వంతెనలు, గోపురాలు నిలిచే ఉన్నాయి, హాఖాను సమర్థించేవాళ్లు చూపేది వాటినే. కానీ అదే ప్రాగ్‌లో పింకస్ ప్రార్థనామందిరం గోడల నిండా దాదాపు 78,000 పేర్లు రాసి ఉన్నాయి, చెక్ నేల మీద నుంచి తీసుకుపోయి చంపిన యూదులవి. చెక్ కర్మాగారాల్లో తయారైన ట్యాంకులే 1940లో ఫ్రాన్స్ మీదికి నడిచాయి. మ్యూనిక్‌లో ఫ్రాన్స్ వదిలేసిన ఆయుధాలవి.

హాఖా పదవిలోనే ఉండిపోయాడు, అధ్యక్షుడన్న పేరుతో. ప్రధానిగా ఉంటూ రహస్యంగా ప్రతిఘటనకు తోడ్పడిన జనరల్ ఎలియాష్‌ను 1942 జూన్ 19న కాల్చి చంపారు. జర్మన్లు లిడిత్సే అనే చెక్ గ్రామాన్ని నేలమట్టం చేసి అప్పటికి పది రోజులు కూడా కాలేదు. అంతా చూస్తున్న హాఖాకు మనసూ మతీ చెదిరిపోయాయి. 1945 మే 13న, విముక్తి పొందిన సొంత దేశమే ఆయన్ను అరెస్టు చేసింది. జూన్ 27న పాంక్రాట్స్ జైలు ఆసుపత్రిలో చనిపోయాడు. విచారణ మొదలే కాలేదు.