ప్రియమైన చమురు – చవుకైన విమానయానము

బస్సులో ముప్పదిమంది యెక్కినను, ముగ్గురే యెక్కినను ఖర్చగు నూనెలో పెద్ద తేడా యుండదు. కాని ఆ ఖర్చును పంచుకొనువారు ముగ్గురే అయినచో ఒక్కొక్కరి వంతు పదిరెట్లగును. విమానమునకును ఈ లెక్కయే వర్తించును. చమురు ధర పెరిగిన కాలముననే సామాన్యునికి విమాన ప్రయాణము అందుబాటులోనికి వచ్చుటకు ఈ లెక్కయే మూలము.

1973 అక్టోబరులో పశ్చిమాసియాలో యుద్ధము చెలరేగినపుడు అరబ్బు దేశములు అమెరికాకును, మరికొన్ని దేశములకును చమురు ఎగుమతిని నిలిపివేసినవి. పీపా సుమారు 3 డాలర్లుండిన ముడి చమురు కొద్ది నెలలలోనే 12 డాలర్లకు చేరువైనది. జెట్ విమానములలో వాడునది కిరసనాయిలు జాతి ఇంధనము. అదియు ముడి చమురునుండియే లభించును. కావున విమాన సంస్థల లెక్కలన్నియు తారుమారైనవి.

అంతవరకు వేగమునకే గౌరవము. 1976 జనవరిలో ప్రయాణీకులతో ఎగురనారంభించిన కాంకార్డు విమానము ధ్వనికన్న రెండురెట్ల వేగముతో పోయి, లండన్ నుండి న్యూయార్కునకు సుమారు మూడున్నర గంటలలో చేరెడిది. అందులో నూరుగురికే చోటు. 1970లో వాడుకలోనికి వచ్చిన బోయింగు 747కు ఏడు గంటలకు పైగా పట్టెడిది. కాని అది 350 మందికి పైగా మోయగలిగినది. రెండింటికిని ఆ దూరమునకు పట్టిన ఇంధనము ఇంచుమించు సమానమే! 2003లో విరమించువరకు కాంకార్డు ధనికుల వాహనముగనే మిగిలినది.

బోయింగు 747 పొదుపునకు సీట్ల సంఖ్యయే కాక ఇంజను కూడ కారణము. పాత జెట్ ఇంజను కొద్ది గాలిని మిక్కిలి వేగముతో వెనుకకు నెట్టెడిది. కొత్త టర్బోఫ్యాన్ ఇంజనులో ముందున్న పెద్ద పంకా ఎక్కువ గాలిని తక్కువ వేగముతో నెట్టును. గాలి పరిమాణమును రెట్టింపుచేసి, దానికి కలిగించు వేగమును సగము చేసినచో ద్రవ్యవేగము మారదు. తోపుడు బలము అంతే యుండును. కాని గతిజశక్తి వేగముయొక్క వర్గముపై ఆధారపడును గనుక, గాలికి ఇచ్చు శక్తి సగమే చాలును.

ఈ లెక్కను వ్యాపారమునకు అన్వయించినవారిలో బ్రిటను దేశీయుడు ఫ్రెడ్డీ లేకర్ ప్రసిద్ధుడు. అనుమతులకై ఏండ్ల తరబడి పోరాడి, 1977 సెప్టెంబరు 26న లండన్–న్యూయార్కుల మధ్య ‘స్కైట్రెయిన్’, అనగా ఆకాశపు రైలును ప్రారంభించెను. లండన్ నుండి టిక్కెట్టు 59 పౌండ్లు మాత్రమే. ముందుగా సీటు రిజర్వు చేయుట లేదు. రైలుకు వలె ఆనాడే టిక్కెట్టు కొనవలెను. భోజనమునకు వేరుగా చెల్లించవలెను. అంతవరకు సముద్రము దాటు ఊహయే లేనివారు టిక్కెట్లకై వరుసలలో నిలిచిరి.

కాని 1979లో ఇరాను విప్లవముతో చమురు ధర మరల పెరిగినది. లేకర్ విమానములకై డాలర్లలో అప్పు చేసియుండెను. పౌండు విలువ పడిపోయినది. పెద్ద సంస్థలు పోటీగా ఛార్జీలు తగ్గించినవి. 1982 ఫిబ్రవరిలో ఆ సంస్థ మూతపడగా వేలకొలది ప్రయాణీకులు దారిలో చిక్కుకొనిరి. సీట్లు నింపుట ఒక్కటే చాలదని తేలినది. ఒక్కొక్క సీటు మోయుటకు పట్టు ఇంధనమే తగ్గవలెను.

ఆ కృషి అప్పటికే సాగుచుండెను. రెక్క క్రిందనున్న అధిక పీడనపు గాలి, రెక్క కొసనుండి పైకి తిరిగి సుడియగును. అందు శక్తి వృథాయగును. అమెరికాలోని నాసా శాస్త్రజ్ఞుడు రిచర్డ్ విట్‌కూంబ్ రెక్క కొసను నిలువుగా చిన్న రెక్కను అమర్చినచో ఈ నష్టము తగ్గునని 1976లో వివరించెను. కొద్ది ఏండ్లలో జరిగిన ప్రయోగములలో సుమారు 6, 7 శాతము ఇంధనము ఆదాయైనది. నేడు అనేక విమానముల రెక్క కొసలు పైకి వంగియుండుటకు కారణమిదియే.

1970 నాటి కొత్త విమానములతో పోల్చినచో, నేటి కొత్త విమానములలో ఒక్కొక్క ప్రయాణీకుని వంతునకు వచ్చు ఇంధనము సుమారు 40 శాతము తగ్గినది. చమురు ధర మరల మరల పెరిగినను టిక్కెట్టు సామాన్యుని చేయి దాటి పోకుండుటకు ఈ పొదుపు ఒక ముఖ్య కారణము.