పాపి అంటే ఆమేనా?

పాపాన్ని ద్వేషించాలి, పాపిని ప్రేమించాలి. గుత్తిలోనైనా అనంతపురంలోనైనా ఈ మాట వినకుండా పెరిగిన క్రైస్తవ స్త్రీలు తక్కువ. చాలామంది ఇది బైబిల్ వాక్యమనే అనుకుంటారు. కాదు. 5వ శతాబ్దంలో ఉత్తర ఆఫ్రికాలో బిషప్‌గా ఉన్న అగస్టీన్ 211వ ఉత్తరంలో దీని మూలం ఉంది. ఆ ఉత్తరం ఎవరికి? మఠంలోని కన్యాస్త్రీలకు! ఒక సోదరి చూపు మగవాడి మీద నిలిస్తే మిగిలినవాళ్లు ఎలా కనిపెట్టాలి, ఎలా హెచ్చరించాలి, ఎలా శిక్షించాలి అని వివరిస్తూ రాశాడు. అందులో ప్రేమ లేదనను. కాపలా కూడా ఉంది.

యోహాను సువార్త 8వ అధ్యాయంలో వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీని తెచ్చి నిలబెడతారు. మగవాడేడీ? మోషే ధర్మశాస్త్రం శిక్ష ఇద్దరికీ చెప్పింది కదా! యేసు ఆమెకు శిక్ష విధించలేదు. అతి ప్రాచీన గ్రీకు ప్రతుల్లో ఈ కథ లేదు, తర్వాత చేరిందని ఎక్కువమంది పండితులంటారు. అగస్టీన్ మాత్రం, భార్యలకు అలుసిచ్చినట్లవుతుందని భయపడి కొందరు మగవాళ్లే దాన్ని తీసేశారన్నాడు. ఆయన ఊహ తప్పే కావచ్చు. మగవాళ్ల భయం మాత్రం ఆయనకు బాగా తెలుసు.

ఈ కరువు సీమకు ప్రొటెస్టెంట్ సంఘాన్ని తెచ్చినవాళ్లలో లండన్ మిషన్ ముఖ్యం. తప్పు చేసినవారిని ప్రభువు బల్లకు దూరంగా ఉంచడం, పశ్చాత్తాపపడితే తిరిగి చేర్చుకోవడం మిషన్ సంఘాల పద్ధతి. ఆడామగా తేడా ఆ నియమంలో లేదు. చట్టంలో ఉండేది. క్రైస్తవులకు వర్తించే 1869 విడాకుల చట్టం ప్రకారం భార్య వ్యభిచారం ఒక్కటి రుజువైతే చాలు, భర్తకు విడాకులొచ్చేవి. ఆ రెండో మగవాడి దగ్గర నష్టపరిహారం కూడా అడగగలిగేవాడు, చేలో పశువు పడితే అడిగినట్టు! భార్యకైతే భర్త వ్యభిచారం ఒక్కటే చాలేది కాదు. దాంతోపాటు క్రూరత్వమో, రెండేళ్లు వదిలేసి పోవడమో, అలాంటిది మరొకటి చూపాల్సి వచ్చేది. వానలు లేక బెంగళూరుకు వలసపోయినవాడు అక్కడ ఇంకో కాపురం పెట్టి, ఏడాదికోసారి ఊరికొచ్చి పోతుంటే ఈమె ఏ కోర్టులో ఏం రుజువు చేసేది?

ఇంగ్లండు తన స్త్రీల విషయంలో ఈ తేడాను 1923లోనే తీసేసింది. మన దగ్గర, క్రైస్తవ స్త్రీలు ఏళ్ల తరబడి పోరాడాక, 2001లో పోయింది. 132 ఏళ్లు!

సంఘం చూపు చట్టమంత త్వరగా కూడా మారలేదు. క్రిస్మస్‌కు బెంగళూరు నుంచి వచ్చినవాణ్ణి అక్కడ ఎవరితో ఉంటున్నావని పెద్దలు అడగడం అరుదు. ఏడాదంతా ఊళ్లోనే ఉండి, వేరుశనక్కాయలు ఒలిచి పిల్లల్ని సాకినామెనే అడుగుతారు, ఎంతో ప్రేమగా.