రిటర్న్ టికెట్ ఎవరి చేతిలో ఉంది?

బ్యాంకాక్‌కు వీసా అక్కర్లేదని విని గోదావరిఖని నుంచి ఇద్దరు దోస్తులు శంషాబాద్ చేరారనుకోండి. పాస్‌పోర్టు ఉంది, పోవడానికి టికెట్ ఉంది. చెక్-ఇన్ కౌంటర్‌లో మొదటి ప్రశ్న: "రిటర్న్ టికెట్ చూపించండి." వెనక్కే రావాలని లేదు, అక్కణ్నుంచి ఇంకో దేశానికి పోయే టికెట్ అయినా సరే. కానీ ఏదో ఒకటి ఉండాలి. థాయిలాండ్ ఆఫీసర్ అడగాల్సిన మాట ఇక్కడ విమాన కంపెనీ ఎందుకు అడుగుతోంది?

ఈ ప్రశ్న విమానాల కంటే పాతది, ఓడల కాలం నాటిది. 1891లో అమెరికా ఒక చట్టం చేసింది. చట్టవిరుద్ధంగా తమ రేవులో దిగిన మనిషిని, తెచ్చిన ఓడ కంపెనీయే సొంత ఖర్చుతో వెనక్కి తీసుకుపోవాలి. ఇంకేముంది, ఓడ ఎక్కక ముందే కంపెనీలు మనుషుల్ని వడపోసుకోవాల్సి వచ్చింది. 1944 షికాగో ఒప్పందం తర్వాత విమానాలకూ అదే పద్ధతి వచ్చింది. మిమ్మల్ని అక్కడ లోపలికి రానివ్వకపోతే తిరిగి తేవాల్సింది ఎయిర్‌లైనే. అందుకే వాళ్లు టిమాటిక్ అనే డేటాబేస్‌లో ఏ దేశం ఏం అడుగుతుందో చూసుకుంటారు. వీసా ఉందంటే ఆ దేశం మిమ్మల్ని ముందే ఒకసారి పరిశీలించినట్టు. వీసా లేనప్పుడు, మీరు వెళ్లిపోతారనడానికి పెద్ద రుజువు ఆ టికెట్టే.

అయితే తిరుగు టికెట్ ఎప్పుడూ ఇట్లా చెకింగ్ కాగితమే కాదు. ఒకప్పుడు అది కూలివాడి హక్కు. 1860 నవంబర్ 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. తర్వాతి యాభై ఏళ్లలో లక్షన్నర మంది మన దేశం నుంచి నటాల్ వెళ్లారు. వాళ్లలో తెలుగువాళ్లూ బాగా ఉన్నారు. చెరకు తోటలు, రైల్వే, బొగ్గు గనులు, ఇవీ పనులు. పదేళ్లు ఉన్నవాడికి ఊరికి తిరిగి వెళ్లే ఓడ ఖర్చు ఉచితం.

1895లో కథ మారింది. ఒప్పందం అయిపోయినవాడు తిరిగి పోవాలి, లేదంటే మళ్లీ ఒప్పందంలో చేరాలి, అదీ కాకపోతే ఏటా 3 పౌండ్ల పన్ను కట్టాలి. ఒప్పందపు కూలీకి మొదటి ఏడాది జీతం నెలకు 10 షిల్లింగులు. అంటే పన్ను ఆరు నెలల జీతమన్నమాట! హక్కుగా ఇచ్చిన తిరుగు ప్రయాణమే మెడ పట్టి గెంటే సాధనమైంది.

దీని మీద తిరగబడింది ఎవరో తెలుసా? బొగ్గుబాయి కార్మికులు. 1913 అక్టోబర్‌లో న్యూకాజిల్ గనుల్లో సమ్మె మొదలైంది. తంబి నాయుడు, ఆయనతో వచ్చిన ఆడవాళ్లు కార్మికుల మధ్య తిరిగి పని ఆపించారు. నవంబర్ 6న గాంధీ వెంట రెండు వేల మందికి పైగా, అనుమతి కాగితాలు లేకుండానే ట్రాన్స్‌వాల్ సరిహద్దు దాటారు. 1914లో పన్ను రద్దయింది. కానీ అదే చట్టంలో ఒక మెలిక పెట్టారు: ఇక్కడ ఉండే హక్కు వదులుకుంటానని రాసిస్తే ఊరికి ఫ్రీ టికెట్. వీఆర్ఎస్ స్కీములు చూసిన సింగరేణి ఇళ్లలో ఈ మెలికను విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇక మన దగ్గరికి వద్దాం. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులు. ఇప్పుడు 40 వేల చుట్టూ. బాయిల పని దొరకని పిల్లల్లో కొందరు, కరీంనగర్ వైపు పల్లెల్లాగే, దుబాయ్ దారి చూసుకున్నారు. టెన్త్ పాస్ కానివాళ్లది ఈసీఆర్ పాస్‌పోర్టు. గల్ఫ్, మలేషియా, థాయిలాండ్ సహా 18 దేశాలకు వాళ్లు పనికి వెళ్లాలంటే 1983 చట్టం కింద క్లియరెన్స్ కావాలి. దాంతోపాటు ఉద్యోగ ఒప్పందం, 10 లక్షల ప్రవాసీ బీమా ఉంటాయి. అదే "చూడ్డానికి పోతున్నా" అంటే క్లియరెన్స్ అక్కర్లేదు, రిటర్న్ టికెట్ చూపించాలి, అంతే.

ఏజెంట్లు దూరేది ఈ సందులోనే. రిటర్న్ టికెట్ వాళ్లే కొట్టిస్తారు, పని కాగానే క్యాన్సిల్ చేస్తారు. మీరు కూలి చేస్తున్నా ఆ దేశం లెక్కలో టూరిస్టే. జీతం ఎగ్గొడితే చూపించడానికి ఒప్పందం లేదు, ప్రాణం పోతే ఇంటికి బీమా రాదు. నటాల్ కూలీకి కాగితం మీదైనా తిరుగు ప్రయాణం ఉండేది. ఇక్కడ అది కౌంటర్ దాటేదాకే.

2023 నవంబర్ 10 నుంచి థాయిలాండ్, డిసెంబర్ 1 నుంచి మలేషియా మనకు వీసా తీసేశాయి. టూరిస్టులకు పండగే. ఏజెంట్లకు మాత్రం వీసా కొట్టించే పని కూడా తప్పింది. 2025 మార్చిలో మన వైమానిక దళం థాయిలాండ్‌లోని మే సోత్ నుంచి రెండు విమానాల్లో 549 మందిని తీసుకొచ్చింది. మంచి ఉద్యోగమని నమ్మి, మయన్మార్‌లో సైబర్ మోసాల క్యాంపుల్లో చిక్కినవాళ్లు. అందులో తెలుగు రాష్ట్రాల పిల్లలూ ఉన్నారు.

కాబట్టి కౌంటర్‌లో అమ్మాయి టికెట్ అడిగితే చిరాకు పడకండి. ఏజెంటు వాట్సాప్‌లో పంపిన పీడీఎఫ్ చాలదు. పీఎన్ఆర్ నంబర్ తీసుకొని ఎయిర్‌లైన్ సొంత సైట్‌లో మీరే కొట్టి చూడండి. పని కోసం పోతుంటే ఆ ఏజెంటు పేరు ఈమైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో వెతకండి, ఫోన్‌లోనే అయిపోతుంది. వచ్చే ఎపిసోడ్‌లో కోరంగి నుంచి రంగూన్ వెళ్లిన ఓడల గురించి మాట్లాడుకుందాం.