అన్నం పళ్లెంలోంచి పుట్టిన చదువు

కోలారు జిల్లా ముళబాగిలు తాలూకాలోని ఆవని చుట్టుపక్కల రాగి సంగటి నిత్యాహారం. ఆ పల్లెల్లో డిగ్రీ ముగించి న్యూట్రిషన్‌లో ఎమ్మెస్సీ చేయాలనుకునేవారికి ఇవాళ మైసూరు, తిరుపతి, హైదరాబాదు దారులు తెరిచి ఉన్నాయి. ఈ చదువు ఎలా ఎదిగిందో తెలిస్తే, ఏ దారి పట్టాలో తేల్చుకోవడం సులువు.

1918లో నీలగిరి కొండల్లోని కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ఒకే ఒక్క గదిలో బెరిబెరి పరిశోధన మొదలుపెట్టాడు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఆ జబ్బు పీడించింది ఉత్తర సర్కారులను, అంటే ఆంధ్ర కోస్తా జిల్లాలను. కారణం, మరపట్టిన పచ్చిబియ్యంలో తవుడుతోపాటే బి1 విటమినూ పోయేది. ఉప్పుడు బియ్యం తినేచోట ఆ బెడద తక్కువ. ఆయన తర్వాత వచ్చిన ఆక్రాయిడ్ 1937లో భారతీయ ఆహార పదార్థాల పోషక విలువలను పట్టికలుగా వెలువరించాడు. నేటి డైటీషియన్లు వాడే పట్టికలకు మూలం అదే.

కూనూరులో అలా మొదలైన పరిశోధన సంస్థ 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. జొన్నే ప్రధానాహారమైన దక్కను పేదల్లో పెల్లగ్రా అనే పోషక లోప జబ్బు ఎందుకొస్తుందో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా శోధించారు. నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువై ఫ్లోరోసిస్ వచ్చే ప్రాంతాల్లో పిల్లల కాళ్లు వంకరపోవడానికి నీటితోపాటు తిండికీ సంబంధముందా అని ఆ సంస్థ శాస్త్రవేత్తలు 1970ల్లో పరిశీలించారు.

కళాశాలల్లో ఈ విద్య హోమ్ సైన్స్‌లో భాగంగా అడుగుపెట్టింది. ఢిల్లీ లేడీ ఇర్విన్ కాలేజీ 1932 నాటిది. 1960ల్లో ఇండియన్ డయటెటిక్ అసోసియేషన్ ఏర్పడ్డాక ఆస్పత్రి డైటీషియన్లకు ఒక వేదిక దొరికింది. రిజిస్టర్డ్ డైటీషియన్ పరీక్ష నడిపేది ఆ సంఘమే. డైటీషియన్, న్యూట్రిషనిస్టు వృత్తులు 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం పరిధిలోకి చేరాయి.

అందువల్ల నేడు ఈ చదువుకు రెండు పాయలు. జనం తిండిని, లోపాలను అధ్యయనం చేయాలంటే జాతీయ పోషకాహార సంస్థలోని ఎమ్మెస్సీ అప్లైడ్ న్యూట్రిషన్ తగినది. ప్రవేశ పరీక్ష ఉంటుంది. అక్కడే స్పోర్ట్స్ న్యూట్రిషన్ కూడా ఉంది. మైసూరు విశ్వవిద్యాలయంలో ఫుడ్ సైన్స్ అండ్ న్యూట్రిషన్ విభాగం, తిరుపతి పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయంలో హోమ్ సైన్స్ విభాగం ఉన్నాయి. మధుమేహ, మూత్రపిండ రోగుల మంచం పక్కన నిలబడి పనిచేయాలనుకునేవారు క్లినికల్ డయటెటిక్స్ ఎంచుకోవాలి. చేరేముందు ఆస్పత్రి ఇంటర్న్‌షిప్ ఎన్ని నెలలో, ఏ వార్డుల్లోనో తప్పక అడగాలి.

ఈ శాస్త్రం పెరిగిందల్లా పేదవాడి కంచంలో ఏముందో చూసినప్పుడే. వంద గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉందని 2017 నాటి జాతీయ పట్టికలు చెబుతున్నాయి. కోలారు బోరునీళ్లలో ఫ్లోరైడు సమస్యా ఉంది. ఆ తిండీ ఆ నీళ్లూ ఒకే ఒంట్లో ఏం చేస్తాయో అడగగల విద్యార్థులు ఆవని లాంటి పల్లెల నుంచే రావాలి. ఆ ప్రశ్నకు చోటిచ్చే కోర్సునే వాళ్లు ఎంచుకోవాలి.