ప్లాన్ గీశారు, ఊరిని అడగలేదు

జంషెడ్‌పూర్ అంటే ప్లాన్ ప్రకారం కట్టిన పట్నమని చదువుకున్నాం కదా. అంతకుముందు అక్కడున్నది సాక్చి పల్లె. చుట్టూ సంతాల్, హో, భూమిజ్ ఆదివాసీల నేల. 1908లో ఉక్కు ఫ్యాక్టరీ పనులు మొదలయ్యాయి. కెన్నెడీ, టెంపుల్, స్టోక్స్, కోనిగ్స్‌బర్గర్ 1940ల దాకా ఒకరి తర్వాత ఒకరు పట్నం ప్లాన్లు గీశారు. రోడ్లు, మురుగు కాలువలు, పార్కులు అన్నీ ఆలోచించారు. 1894 భూసేకరణ చట్టం మాత్రం పరిహారం లెక్కే చూసింది, ఊరి ఒప్పుకోలు అడగలేదు.

1996లో పెసా చట్టం వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి సేకరించే ముందు గ్రామసభను లేదా తగిన స్థాయి పంచాయతీని సంప్రదించాల్సిందే. రేపు మన ఏజెన్సీలో ఎవరైనా ఫ్యాక్టరీ మ్యాప్ పరిస్తే, గేటు ఎక్కడని కాదు, గ్రామసభ తీర్మానం ఎక్కడని ముందు అడగండి.