ఇరవయ్యొక్క రాత్రులు

మా ఊళ్ళో ఒక ఇల్లుంది. మా ఊరంటే ఇప్పుడు మేముంటున్న మిడ్‌వెస్ట్ ఊరు. కృష్ణా జిల్లాలో పుట్టిన ఊరు కాదు. బయటినుంచి చూస్తే మామూలు రెండంతస్తుల ఇల్లు. ముందు మేపుల్ చెట్టు, పక్కన పాత వ్యాను, బోర్డేమీ ఉండదు. ఇళ్ళు వదిలి వచ్చేసిన పిల్లలకి తాత్కాలిక ఆశ్రయం అది. కొన్నేళ్ళుగా నెలకి రెండు శనివారాలు అక్కడ సాయంత్రం వంట నాది. ఎక్కువగా పాస్తా, అప్పుడప్పుడూ ధైర్యం చేసి పులిహోర.

ఆ వంటగదిలో ఫ్రిజ్ పక్కన ఒక తెల్లబోర్డుంటుంది. దానిమీద పేర్లు రాయరు, మంచం నంబర్లు రాస్తారు. ఒక్కో నంబరు పక్కనా ఒక అంకె. 4, 11, 2, 19 ఇలాగ. మొదటి రోజు అవి వయసులనుకున్నాను. రెండేళ్ళ పిల్లాడు ఇక్కడెందుకున్నాడని అడిగితే, కూరగాయలు కడుగుతున్న అమ్మాయి నవ్వి, "వయసు కాదు, ఎన్నో రోజు అని. 21 దాటకూడదు" అంది.

ఎందుకు 21? ఎవరు పెట్టారు ఆ లెక్క? ఇంటికొచ్చి చదవడం మొదలుపెట్టాను. అలా చదివిందే ఇదంతా.

మన చిన్నప్పుడు ఇంట్లోంచి పారిపోవడమంటే మద్రాసే. పదో తరగతి తప్పినవాడూ, నాన్న చేత బెల్టు దెబ్బలు తిన్నవాడూ, అద్దం ముందు డైలాగులు చెప్పుకునేవాడూ రాత్రికి రాత్రి రైలెక్కేవాళ్ళు. కోడంబాకంలో స్టూడియో గేటు దగ్గర నిలబడి, డబ్బులైపోయాక నెలకో రెండు నెలలకో ఇల్లు చేరేవాళ్ళు. మా వీధిలో ఒకాయన ఆ కథని జీవితమంతా చెప్పి అందర్నీ నవ్వించాడు. కానీ ఆ కథలు చెప్పింది తిరిగొచ్చినవాళ్ళే. మా అమ్మమ్మ వాళ్ళ పక్కింటి కుర్రాడు తిరిగి రాలేదు. వాళ్ళమ్మ రాత్రిపూట వీధి తలుపుకి గడియ వేసుకోకుండా పడుకునేదని మా అమ్మ చెప్పేది. ఆ ఇంటి గురించి ఎవరూ నవ్వలేదు.

అమెరికాలో కూడా పారిపోయిన కుర్రాడంటే చాలాకాలం నవ్వులాటే, సాహసమే. మార్క్ ట్వేన్ హకల్‌బెరీ ఫిన్ నదిమీద తెప్పేసుకుని పోయినవాడు. 1967లో మాత్రం ఆ నవ్వు కాస్త తగ్గింది. ఆ వేసవిలో దేశం నలుమూలలనుంచీ వేలమంది పిల్లలు శాన్‌ఫ్రాన్సిస్కోలోని హైట్-ఆష్‌బరీ పేటకి వచ్చి పడ్డారు. జుట్టు పెంచుకుని, పాటలు పాడుకుంటూ, ఎక్కడ పడితే అక్కడ పడుకుంటూ. వాళ్ళలో పద్నాలుగు, పదిహేనేళ్ళ వాళ్ళు చాలామంది. ఆ జూన్‌లో లారీ బెగ్స్ అనే పాస్టరు, మరికొందరూ కలిసి బ్రోడరిక్ వీధిలో ఒక ఇల్లు తెరిచారు. దానికి హకల్‌బెరీ హౌస్ అని పేరు పెట్టారు. పిల్లలు అక్కడ పడుకోవాలంటే ఇంటికి ఫోను చేసి తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలి. ఫోను చేస్తారు, అటునుంచి ఏడుపో తిట్లో వినిపిస్తాయి, మాటలు మొదలవుతాయి. వాళ్ళు చేసిన పని అంతే.

అది కూడా నేరమైంది. అప్పటి చట్టాల్లో ఇంట్లోంచి పారిపోవడం నేరం. పెద్దవాళ్ళు చేస్తే తప్పు కాని పనులు కొన్ని పిల్లలు చేస్తే తప్పయ్యేవి. బడి ఎగ్గొట్టడం, అమ్మానాన్నల మాట వినకపోవడం, ఇల్లు వదలడం. వీటికి పిల్లల్ని జువెనైల్ జైల్లో పెట్టొచ్చు, చాలా రాష్ట్రాల్లో పెట్టారు కూడా. కొట్టే తండ్రినుంచి తప్పించుకున్న పిల్లా, దొంగతనం చేసిన కుర్రాడూ ఒకే కప్పు కింద. అలాంటి పిల్లలకి అన్నం పెట్టి చోటిచ్చినవాళ్ళమీద, పిల్లల్ని తప్పుదారి పట్టించారని కేసు పెట్టొచ్చు. ఆ అక్టోబరులో పోలీసులు హకల్‌బెరీ హౌస్‌మీద పడి, పిల్లలతో పాటు నడిపేవాళ్ళని కూడా పట్టుకుపోయారు. కేసు నిలవలేదు. ఇల్లు మళ్ళీ తెరిచారు. ఆ సంస్థ ఇప్పటికీ ఉంది. ఆ తర్వాత రెండు మూడేళ్ళలో వాషింగ్టన్, బోస్టన్ లాంటి చోట్ల అలాంటి ఇళ్ళు మరికొన్ని లేచాయి. ఎక్కువగా చర్చిల చందాలమీదా, కుర్రకారు ఓపికమీదా నడిచినవే.

ఇండియానా సెనేటర్ బర్చ్ బై పేరు మనవాళ్ళకి అంతగా తెలియదు. అమెరికా రాజ్యాంగానికి రెండు సవరణలు రాసిన మనిషి. కాలేజీల్లో ఆడపిల్లలకి ఆటల్లో కూడా సమాన అవకాశమిచ్చిన టైటిల్ నైన్ వెనకా ఆయనే ఉన్నాడు. మా అమ్మాయి బడిలో సాకర్ ఆడుతోందంటే ఆయన చలవ కొంత ఉంది. పారిపోయిన పిల్లల కోసం ఆయన 1971లో ఒక బిల్లు పెట్టాడు. 1972 జనవరిలో సెనేట్ ఉపసంఘం ముందు సాక్ష్యాలు విన్నాడు. బిల్లు మాత్రం నలిగింది. ఇది కుటుంబాల గొడవ, ఊరి పోలీసుల పని, ఢిల్లీకేం సంబంధం అన్నట్టు (వాషింగ్టన్ అని రాయాలి, చెయ్యి అలా పోయింది).

1973 ఆగస్టులో హ్యూస్టన్ వార్త వచ్చింది. దాని గురించి ఎక్కువ రాయను. డీన్ కార్ల్ అనేవాడు మూడేళ్ళ పాటు కుర్రాళ్ళని చంపి పాతిపెట్టాడు. పడవలు దాచుకునే షెడ్డులో, అడవిలో, సముద్రపొడ్డున తవ్వితే అప్పటికి 27 మంది లెక్క తేలారు. నన్ను నిద్రపోనివ్వనిది ఆ సంఖ్య కాదు. చాలామంది తల్లిదండ్రులు ముందే పోలీస్ స్టేషన్‌కి వెళ్ళారు. మావాడు కనపడటం లేదన్నారు. 'పారిపోయి ఉంటాడు' అని రాసుకుని పంపేశారు. పలువురు ఒకే పేటవాళ్ళు, ఒకే బళ్ళో చదివినవాళ్ళు. ఆ ఒక్క మాట కాగితంమీద పడితే ఇక వెతికేవాళ్ళుండరు. మా అమ్మమ్మ వాళ్ళ పక్కింట్లో కూడా అదే మాటన్నారు. వెళ్ళిపోయాడు, వస్తాడులే అని.

ఆ ఘోరం తర్వాత బర్చ్ బై బిల్లుకి కదలిక వచ్చింది. బాలనేరస్థుల న్యాయచట్టంలో మూడో భాగంగా దాన్ని చేర్చారు. 1974 సెప్టెంబరు 7న ప్రెసిడెంట్ ఫోర్డ్ సంతకం చేశాడు. మర్నాడే ఆయన నిక్సన్‌కి క్షమాభిక్ష ప్రకటించాడు. ఇక పత్రికల్లో దేనికి చోటు దొరికి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఆ చట్టంలో నాకు నచ్చిన ఊహ ఒకటుంది. పిల్లలు రాష్ట్రాల సరిహద్దులు దాటి పోతున్నారు కాబట్టి ఇది దేశం మొత్తం బాధ్యత, వాళ్ళకిచ్చే ఆశ్రయం పోలీసు వ్యవస్థకి బయట ఉండాలి అని రాశారు. అంటే ఏడేళ్ళ కింద ఏ పనికి పోలీసులు పట్టుకుపోయారో, ఆ పనికే ఇప్పుడు ప్రభుత్వం డబ్బిస్తానంది. ఏడాదికి కోటి డాలర్ల చొప్పున మూడేళ్ళకి. ఒక ఇంట్లో 20 మందికి మించకూడదు, చిన్న సంస్థలకి ప్రాధాన్యం, ఖర్చులో 90 శాతం కేంద్రానిది, 10 శాతం ఊరివాళ్ళది.

అయితే కోటి ఇవ్వొచ్చు అనడం వేరు, కోటి ఇవ్వడం వేరు. అమెరికాలో ఈ రెండూ రెండు వేర్వేరు చట్టాలు. ఒకటి అనుమతి, రెండోది ఏటేటా కేటాయింపు. ఫోర్డ్ సంతకం చేస్తూనే, ఖర్చు తగ్గించుకోవాల్సిన కాలంలో కొత్త పథకాలకి బడ్జెట్‌లో ఉన్నదానికన్నా ఎక్కువ అడగనని చెప్పేశాడు. పెళ్ళికి ఒప్పుకుని ఖర్చు సంగతి తర్వాత చూద్దామన్న పెద్దమనిషిలా. ఆ సంకోచం ఈ చట్టాన్ని ఇప్పటికీ వదల్లేదు. చివరిసారి ఇచ్చిన అనుమతి 2020తో ముగిసింది. అప్పట్నుంచీ అనుమతి లేకుండానే కేటాయింపు నడుస్తోంది, గడువు దాటిన రేషన్ కార్డుమీద డీలరు బియ్యం పోస్తున్నట్టు. పోస్తున్నాడు కదా అనుకోవచ్చు. కానీ ఆ ఇంటిని నడిపే ఆవిడని అడగండి. వచ్చే ఏడు రాత్రిపూట కాపలా మనిషికి జీతముంటుందో లేదో తెలియక, ఇద్దరుండాల్సిన చోట ఒకర్నే పెట్టుకుంటుంది.

మిగతా చరిత్ర త్వరగా చెప్పేస్తాను. 1977లో, పారిపోయినవాళ్ళే కాదు, గెంటేయబడ్డవాళ్ళు, అసలు ఇల్లే లేనివాళ్ళు కూడా లెక్కలోకొచ్చారు. 1988లో 16 దాటినవాళ్ళకి ఏడాదిన్నర దాకా ఉండి చదువో పనో నేర్చుకునే పథకం వచ్చింది. 1994లో వీధుల్లో తిరిగి పిల్లల్ని పలకరించే కార్యకర్తలకి డబ్బు వచ్చింది. ఇక నా 21 సంగతి. అంతకుముందు 15 రోజులే ఉండేది, 2008లో 21 చేశారు. ఇల్లు చేరడానికో, ఇంకో దారి చూడటానికో మూడు వారాలు. పిల్ల చేరిన 72 గంటల్లోగా తల్లిదండ్రులకి కబురు చెప్పాలన్న నియమం కూడా ఉంది. షికాగో కేంద్రంగా ఒక టెలిఫోన్ లైను కూడా ఈ డబ్బుతోనే బతుకుతోంది. ఇంటికెళ్తానన్న పిల్లలకి గ్రేహౌండ్ వాళ్ళ ఉచిత బస్సు టికెట్టు 1995 నుంచీ ఈ లైను ద్వారానే అందుతోంది. మన దగ్గర 1098 అలాంటిదే. 1996లో ముంబైలో మొదలైంది. బెజవాడ జంక్షన్‌లో రైలు దిగిన పిల్లలు ఎందరికో అది అక్కరకొచ్చింది.

డబ్బు లెక్క కూడా చూద్దాం, మనం ఇంజనీర్లం కదా. 1974 నాటి కోటి డాలర్లు ఇప్పటి ధరల్లో ఆరు కోట్ల పైచిలుకు. ఈమధ్య ఏళ్ళలో మొత్తం కేటాయింపు 14 కోట్ల డాలర్ల చుట్టుపక్కల ఉంటోంది. అంటే యాభై ఏళ్ళలో అసలు పెరుగుదల రెండింతల కన్నా కాస్త ఎక్కువ, అదీ ఇన్ని పథకాలు చేరాక. షికాగో యూనివర్సిటీలోని చాపిన్ హాల్ 2017లో ఒక సర్వే ఫలితాలు ప్రకటించింది. ఒక ఏడాదిలో 13 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో ప్రతి 30 మందిలో ఒకరు, 18 నుంచి 25 ఏళ్ళ వాళ్ళలో ప్రతి 10 మందిలో ఒకరు ఏదో ఒక రూపంలో ఇల్లు లేకుండా గడిపారు. మొత్తం 42 లక్షల మంది. భాగిస్తే తలకి ఏడాదికి ముప్పై అయిదు డాలర్ల లోపు. మా ఊరి ఇండియన్ హోటల్లో రెండు బిర్యానీలు. ఇళ్ళ శాఖ నుంచి వేరే నిధులున్నాయి, వీళ్ళందరూ ఆశ్రయాలకి రారు, రాష్ట్రాలు ఇచ్చేది వేరు. అన్నీ ఒప్పుకుంటాను. అయినా రెండు బిర్యానీలే.

ఆ పదమూడేళ్ళ వాళ్ళలో మనవాళ్ళు ఉండరని నేను చాలాకాలం నమ్మాను. మన అసోసియేషన్ వేదికలమీద స్పెల్లింగ్ బీ పిల్లలు కనపడతారు, కూచిపూడి పిల్లలు కనపడతారు. ఒక శనివారం పులిహోర గిన్నె బల్లమీద పెడుతుంటే, చివర కూచున్న కుర్రాడు తల దించుకున్నాడు. గుర్తుపట్టాను. ఎక్కడ, ఎవరబ్బాయి అన్నది రాయను. ఊరూ కాలమూ కూడా మార్చే రాస్తున్నాను. మంచం నంబరు పక్కన 6 అని ఉంది.

గిన్నెలు సర్దుతుంటే దగ్గరికొచ్చి, తెలుగులోనే, వచ్చీరాని తెలుగులో, "అంకుల్, ఎవరికీ చెప్పకండి" అన్నాడు.

"ఇంట్లో తెలియదా నాన్నా?"

"ఇంట్లో తెలుసు. మిగతావాళ్ళకి తెలియకూడదు."

72 గంటల నియమం ఉంది కాబట్టి ఇంట్లో తెలుసు. మిగతావాళ్ళమంటే మనం. పాట్‌లక్‌లో ప్లేటు పట్టుకుని, ఫలానావాళ్ళబ్బాయికి ఏమైందట అని అడిగేవాళ్ళం. ఆ రాత్రి మా ఆవిడ ఎప్పట్లాగే "ఎంతమందొచ్చారు ఇవాళ?" అంది. ఎనిమిది మంది అన్నాను. చెప్పకుండా దాచిన మొదటి విషయం అదేనేమో.

రెండు వారాల తర్వాత వెళ్ళేసరికి ఆ మంచం నంబరు పక్కన 3 అని ఉంది. ఎవరో కొత్తవాళ్ళు. ఆ కుర్రాడు ఇల్లు చేరాడా, బంధువుల దగ్గరికి వెళ్ళాడా అని అడగబోయాను. కాపలా ఆవిడ చెప్పదని తెలుసు, చెప్పకూడదని కూడా తెలుసు. ఆవిడ నా ముందుకి రిజిస్టరు జరిపింది. ఊరివాళ్ళ 10 శాతం నగదుగానే ఇవ్వక్కర్లేదు, వస్తువులూ శ్రమా కూడా లెక్కలోకొస్తాయి. అందుకే మా వంటవాళ్ళ గంటలు అంత జాగ్రత్తగా రాయించుకుంటారని ఈ చదువంతా అయ్యాక గానీ నాకు తెలియలేదు. వచ్చిన సమయం 4:30, వెళ్ళిన సమయం 8:00 అని రాసి సంతకం పెట్టాను.